నడినెత్తి మీద గట్టు

మా చెల్లి కూతురికి రెండో నెల వచ్చేసరికే తల పొడుగ్గా, పక్కలు నొక్కేసినట్టుగా కనిపించింది. రాయపూర్ దగ్గర ఖుర్సీపార్‌లో వాళ్లింటికి పాపను చూడ్డానికి వచ్చినవాళ్లంతా చెల్లి వైపే అదోలా చూసేవారు. చెల్లి అత్తగారైతే సూటిగానే అనేసింది.

"ఒక పక్కనే పడుకోబెట్టీసినావు. నూనె రాసి గుండ్రంగా నొక్కమని సెప్పినానా లేదా? నీకేటి పట్టింది?"

చెల్లి రోజూ నొక్కేది. అయినా నేను కూడా, "కాస్త జాగ్రత్తగా చూసుకోవద్దా?" అన్నాను. ఆ మాటకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

టీకాలకు వెళ్లినప్పుడల్లా డాక్టరు తల చుట్టూ టేపు పెట్టి, "నార్మల్ హై దీదీ, అప్నే ఆప్ ఠీక్ హో జాయేగా" అనేవాడు. దానంతటదే సర్దుకుంటుందట. ఒక్కసారైనా ఆ నెత్తిన వేలు పెట్టి చూడలేదు.

నాది స్టీలు ప్లాంటు మెషిన్ షాపులో కొలతలు సరిచూసే పని. చుట్టుకొలత సరిపోయినంత మాత్రాన వస్తువు గుండ్రంగా ఉన్నట్టు కాదు. వారం వారం పాప తల పొడవూ వెడల్పూ విడివిడిగా కొలిచి రాసుకున్నాను. పొడవు పెరుగుతోంది. వెడల్పు దాదాపు అక్కడే ఉంది. నడినెత్తిన వేలు జరిపితే ముందు నుంచి వెనక్కి సన్నని గట్టులా తగిలింది.

ఆ కాగితం చూసి డాక్టరు నవ్వాడు. "యే లోహా నహీ హై, మేడమ్."

ఇది ఇనుము కాదట! నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని, పాపతో రాయపూర్ వెళ్లాం.

అక్కడి సర్జన్ నెత్తి తడిమి చూసి, వెంటనే స్కాన్ రాసింది. తర్వాత కంప్యూటర్ తెర మీద రెండు పుర్రెలు నెల నెలా ఎలా పెరుగుతాయో చూపించింది. మొదటిదానిలో ఎముకల మధ్య అతుకులు తెరిచే ఉన్నాయి; మెదడు పెరిగేకొద్దీ పుర్రె అన్నివైపులా విచ్చుకుంది. రెండోదానిలో నడినెత్తి అతుకు ముందే మూసుకుపోయింది. పక్కలకు దారి లేక పుర్రె ముందుకీ వెనక్కీ సాగింది. అచ్చం మా పాప తలే.

"ఇది కడుపులోనే మొదలైంది. అమ్మ తప్పేం లేదు," అని హిందీలో చెప్పింది. పాపకు నాలుగు నెలలు నిండకముందే తెచ్చి ఉంటే చిన్న కోతతో సరిపోయేదట. ఇప్పుడు పెద్ద ఆపరేషనే చేయాలంది. చెల్లి అక్కడే భోరుమంది.

ఆపరేషన్ బాగా జరిగింది. పాప ఇప్పుడు నడుస్తోంది. అత్తగారు మాత్రం, "ప్రభువు మేలు చేసినాడు" అంటుందే తప్ప తను అన్నది తప్పని కోడలితో అనదు. పోయిన నెల భోజనాల దగ్గర నేనే అడిగేశాను.

"చెల్లి తప్పేటీ లేదని ఒక్కసారి అనలేవా అత్తయ్యా?"

"అయిపోయిన సంగతి ఇప్పుడెందుకమ్మా?"

చెల్లి తలెత్తకుండా పాపకు అన్నం కలుపుతోంది. నేను చెయ్యి కడిగేసుకుని బయటికి వచ్చేశాను.