ఖాళీ క్యాసెట్ కింద అమ్మిన పాట

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా బేరంలో నన్ను ఓడించినవాళ్లు ఆ రోజుల్లో ఎవరూ లేరని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. రుజువు కావాలంటే ఒక్కటి చాలు: లోకంలో ఒకే ఒక్క క్యాసెట్‌లో సరిగ్గా పలికే పరదేశపు పాటను ఖాళీ క్యాసెట్ అని చెప్పి పొద్దున్నే బోణీకి అమ్మిన దుకాణందారు ఈ బొంబాయి రోడ్డు మీద నేనొక్కదాన్నే.

మొన్న వెలిమెలలో మా అమ్మాయి ఫ్లాటుకు పోతే, ఆమె ఫోనును టీవీకి కలిపి ఏవేవో పాటలు పెట్టింది. ఒకటి మార్చి ఒకటి మారుస్తుంటే ఐర్లండులో ఏటేటా జరిగే పాటల పోటీ ఒకటి తగిలింది. ఐర్లండు, స్కాట్లండు, వేల్సు, ఫ్రాన్సు కొసన బ్రిటనీ, ఇంకా ఒకటి రెండు చిన్న సీమలు, వీటన్నిటిలో కెల్టిక్ భాషలని పెద్ద భాషల నీడలో ఎదగలేక మిగిలిన పాత భాషలున్నాయి. ఆ భాషల్లో కొత్తగా కట్టిన పాటలకే ఆ పోటీలో చోటు. వేదిక మీద నలుగురు ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని అరచేతులతో చరుస్తూ పాడుతున్నారు. మా అమ్మాయి ఇదేం భాషనో అని మార్చబోతే, ఉండనీయ్, అది గేలిక్, స్కాట్లండు దీవుల భాష అన్నాను. కొత్తిమీర కట్ట దగ్గర పావుగంట కొట్లాడే తల్లి నోట ఆ మాట విని అది నా మొహం వంక చూసింది. దానికి చెప్పలేదు గానీ, నా ఈడువాళ్లు మీరు, క్యాసెట్‌లో వేలు పెట్టి రీలు తిప్పిన చేతులు మీవి, మీకు చెబితే అర్థమవుతుంది.

మా పుట్టింటి వాళ్లది సంగారెడ్డిలో కిరాణం, మేనమామలది బట్టల దుకాణం, అత్తింటి వాళ్లది పటాన్‌చెరులో గాజుల దుకాణం. ఎనభైల చివర్లో, రోడ్డుకు అటూ ఇటూ మందుల కంపెనీలు లేస్తూ, ఎక్కడెక్కడి మనుషులో కిరాయి గదుల్లో దిగుతున్న రోజుల్లో, నేను గాజుల అద్దాల పక్కన క్యాసెట్ల అర ఒకటి పెట్టించాను. మా ఆయనకు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. దుకాణంలో నేనూ మా అత్తమ్మా. మా దగ్గర రెండు క్యాసెట్లు పట్టే డెక్కు, దానికొక మైకు ఉండేవి. ఎవరికి ఏ పాట కావాలన్నా నింపి ఇచ్చేవాళ్లం. దుకాణంలో నియమాలు రెండే, రెండూ అత్తమ్మ పెట్టినవే. అసలు క్యాసెట్ గడప దాటొద్దు, గిరాకీకి నకలే పోవాలి. బోణీ బేరానికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపొద్దు. ఈ రెండు నియమాలూ ఒకనాడు ఎదురెదురు పడితే ఏది పెద్దదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

జిన్నారం రోడ్డులో ఒక కంపెనీకి మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజినీరు భార్య మా దుకాణానికి మొదట గాజులకే వచ్చింది. స్కాట్లండు పడమటి దీవి ఆమెది. మేము దీవి మేడం అనేవాళ్లం. నా పదో తరగతి ఇంగ్లీషూ, ఆమె నేర్చుకున్న పది తెలుగు మాటలూ కలిపి మా స్నేహం నడిచింది. తన నాయనమ్మ చిన్నప్పుడు బళ్లో గేలిక్ మాట్లాడితే చేతి మీద బెత్తం పడేదని ఆమె చెబితే, సంగారెడ్డి బళ్లో నేను ఇట్లా అనకుండా గిట్ల అన్నప్పుడల్లా పక్క జిల్లా నుంచి వచ్చిన పంతులు క్లాసంతా వినేటట్టు నన్ను వెక్కిరించడం గుర్తొచ్చి, ఆ రోజు ఆమెకు గాజుల మీద బేరం లేకుండా తగ్గించాను. నా జన్మలో అట్లా తగ్గించడం అదే మొదలు.

ఆ నాయనమ్మ ఇంకా బతికే ఉంది, తొంభైకి దగ్గర పడింది. ఉత్తరాల్లో ఆమె రాయించిన మాటలు ఏరుకుని దీవి మేడం మా పటాన్‌చెరులో కూర్చుని ఒక పాట కట్టింది. దాన్ని ఆ పోటీకి పంపాలి, అక్కడ ఎంపికైతే రేడియోలో వస్తుంది, మంచం దిగలేని నాయనమ్మ చెవిన పడుతుంది. ఆమె ఆశ అంతే. గడువు పది రోజులుంది. టపాలో వేస్తే నెల పడుతుంది గనుక, శుక్రవారం సాయంత్రం బేగంపేటలో విమానమెక్కే వాళ్లాయన స్నేహితుడి చేతికి క్యాసెట్ ఇవ్వాలి. అతను గెస్ట్‌హౌస్ నుంచి నాలుగింటికి బయలుదేరతాడు.

గురువారం పొద్దున బస్సులు మొదలవకముందే షట్టరు సగం దించి రికార్డు చేశాం. తమ దీవిలో ఆడవాళ్లు తడిపిన ఉన్ని బట్టను బల్ల మీద బాదుతూ ఇట్లాంటి పాటలు పాడేవాళ్లని ఆమె ముందే చెప్పింది. పాట మొదలు పెట్టగానే అత్తమ్మ, ఎవరూ చెప్పకుండానే, గల్లాపెట్టె మీద అరచేత్తో దెబ్బ వేయడం మొదలుపెట్టింది, దెబ్బకు దెబ్బకు నడుమ ఆమె గాజుల గలగల. నేను ఆపబోతే దీవి మేడం కళ్లతోనే వద్దంది. నాలుగు నిమిషాల పాట. అయిపోయాక అత్తమ్మ తేలిగ్గా తేల్చేసింది.

"గిదేం కొత్తనే, మనం వడ్లు దంచేటప్పుడు పాడేదే కాదా!"

మాట అన్నదే కాదు, తన దంపుడు పాట ఎత్తుకుంది కూడా. దీవి మేడం సంబరంగా క్యాసెట్‌ను తిప్పి రెండో వైపు చూపించింది, ఆమెది కూడా టేపులో పట్టు అన్నట్టు. అప్పటికే దుకాణం తెరిచే వేళయింది, బోణీ కావాలి. అత్తమ్మ యాడికి పోతది, ఇంకోనాడు చూద్దామన్నాను.

ఆ మధ్యాహ్నానికే దీవి మేడంకు గొంతు పట్టేసింది, జ్వరం వచ్చింది. గాలికో దుమ్ముకో, కొత్తవాళ్లకు మా దగ్గర అది మామూలే. నేను నియమం ప్రకారం అసలు దుకాణంలో ఉంచి, నకలు తీసి సాయంత్రం పంపించాను. నకలు తీసింది ఎట్లా? రెట్టింపు స్పీడు మీట నొక్కి. సినిమా పాటలకు ఒక్క గిరాకీ కూడా ఫిర్యాదు చేయలేదు మరి. అసలు క్యాసెట్ మీద పేరు రాసి చీటీ అంటించడం కూడా దండుగ అనుకున్నాను.

శుక్రవారం పొద్దున బోణీకి వచ్చినవాడు గుమ్మడిదల పక్క పల్లె మనిషి. ఆ రోజు వాళ్ల ఊళ్లో దేవుడి ముందర ముగ్గులు పరిచే మల్లన్న పట్నాలు, పన్నెండింటికి డోలుతో ఒగ్గు కథ మొదలు, దుబాయిలో ఉన్న తమ్ముడికి పంపడానికి అది పట్టుకోవాలి, ఖాళీ క్యాసెట్ కావాలి. ఖాళీవి ముందురోజే అయిపోయాయి. లేదంటే బోణీ పోతుంది. నా చెయ్యి తనంతట తనే ఆ చీటీ లేని క్యాసెట్ మీదికి పోయింది. నకలు పోయింది కదా, ఇక దీనితో పనేముందని నా లెక్క.

"ఇండ్ల ఏమన్న ఉన్నదా అక్కా?"

"ఏం లేదు తమ్మీ, కొత్తదే అనుకో. దీని మీద ఎంత మంచిగ ఎక్కుతదో నువ్వే చూడు."

అతను పోయాక ఉన్నదాన్ని లేదని, పాతదాన్ని కొత్తదని ఒక్క నోటితో అమ్మినందుకు మా పుట్టింటివాళ్లు చూస్తే ఎంత మురిసిపోయేవాళ్లో అనుకున్నాను కూడా.

పదిన్నరకు దీవి మేడం వచ్చింది. గొంతు లేదు, పెదాలు కదులుతున్నాయి గానీ గాలి తప్ప మాట రావడం లేదు. చేతిలో నకలు, సంచిలో చిన్న టేప్‌రికార్డర్. పెట్టి వినిపించింది. డెక్కు బెల్టు సాగిందేమో, ఆమె గొంతు పిచ్చుక గొంతులా కిచకిచలాడింది, అత్తమ్మ దెబ్బలు తలుపు మీద గోళ్లతో కొట్టినట్టున్నాయి. అసలుది ఇమ్మని చెయ్యి చాపింది. నా కళ్లు ఆ క్యాసెట్ పెట్టిన చోటుకు పోయాయి. అది చూడగానే అత్తమ్మకు అర్థమైంది.

"అమ్మేసినవానే?"

"బోణీకత్తమ్మా..."

"నీ బోణీల మన్ను వడ! ఇంక నిలవడ్డవేందే, ఉరుకు!"

రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపాను. ఇప్పుడు చెప్పబోయేది మా అమ్మాయికి కూడా చెప్పని మాట. గుమ్మడిదల దాటి పోవాలంటే వాడు అరవై అడిగాడు. అరవైకి ఆటో కొంటనా, కిరాయికి తీస్కుంటనా అన్నాను. వాడు నవ్వాడు, నేను నలభై అన్నాను. వాడు దారి బాగలేదన్నాడు, నేను వచ్చేటప్పుడు గిరాకీ దొరుకుతుందన్నాను. పక్కన దీవి మేడం నా కొంగు పట్టి గుంజుతోంది. నాకు తెలుసు, గుంజుతోందని తెలుసు. కానీ అడిగిన ధరకు ఎక్కడం నా ఒంటికి చేతకాదు. రెండడుగులు నడిచి వెనక్కి పిలుస్తాడని చూశాను. పిలవలేదు. కోళ్ల గంపలతో వచ్చిన ఒకాయన ఎక్కి కూర్చున్నాడు, ఆటో పోయింది. ఇంకొకటి దొరికేసరికి ఎనిమిది నిమిషాలు. వాడూ అరవయ్యే అడిగాడు. నోరు మూసుకుని ఎక్కాను.

ఆ దారి పొడవునా రెండు చేతులతో ముందరి కడ్డీ పట్టుకుని ఉన్నాను. లారీ వెనక లారీ. ఒక మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. దీవి మేడం చేతి గడియారం వంకా, రోడ్డు వంకా చూస్తోంది తప్ప నా వంక చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది, గొంతు లేదు. మల్లన్నా, పూజ ఇంకా కాలేదనిపించు, బోనాలు ఇంకా రాలేదనిపించు అని మొక్కుకున్నాను. దేవుడితో కూడా బేరమే: కథ ఒక గంట ఆలస్యం చేయించు, నీకు రెండు కొబ్బరికాయలు.

ఊరి మొదట్లోనే ఒగ్గు డోలు వినిపించింది.

పందిరి కింద జనం. ముగ్గు పట్నం ముందర ఒగ్గాయన కథ ఎత్తుకుని ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర పీట మీద టేప్‌రికార్డర్, అందులో రీలు తిరుగుతోంది. చెప్పులు విడిచి జనాన్ని తోసుకుంటూ పోయి మీట నొక్కి ఆపేశాను. డోలు ఆగింది. ఊరు ఊరంతా నా మీదికి తిరిగింది. పొద్దుటి మనిషి పైకి లేచాడు.

"ఏందక్కా, నెత్తి ఖరాబైందా? దేవుని కథల అడ్డమొస్తవా?"

"తమ్మీ, కాళ్లు మొక్కుత. ఇండ్ల గీ అమ్మ పాట ఉన్నది."

"ఖాళీది అంటివి గద?"

జనంలోంచి ఒక ముసలామె, పటాన్‌చెరు దుకానమోల్లు నీళ్లు గూడ పాలని అమ్ముతరు బిడ్డా అంది. నవ్వారు.

రీలు వెనక్కి తిప్పి పెట్టాం. డోలు, తాళాలు, మల్లన్న పేరు. ఒక నిమిషం, రెండు, మూడు దాటింది. టక్కుమని కథ తెగింది. ఆ తెగిన చోటు నుంచి, నడి మాటలో, దీవి మేడం గొంతు. దాని కింద అత్తమ్మ అరచెయ్యి, గాజులు. ఒక్క చివరి చరణం. అంతే మిగిలింది. ఒగ్గాయన ఆ దెబ్బకు తగ్గట్టు వేళ్లతో డోలు అంచు మీద మెల్లగా తాళం వేశాడు. అయిపోయాక అడిగాడు.

"మంచిగున్నది. ముందరి ముచ్చట యాడ పోయింది?"

ఆమె ఏడుస్తుందనుకున్నాను. క్యాసెట్ తీసి కాసేపు చేతిలో పట్టుకుంది. ఆ మనిషి తీస్కపోండమ్మా అన్నాడు గానీ, దుబాయి తమ్ముడికి పంపడానికి అతని దగ్గర ఇంకొకటి లేదు. నా దగ్గరా లేదు. అది ఆమెకు ఎట్లా తెలిసిందో, క్యాసెట్‌ను రెండో వైపుకు తిప్పి, తన చేత్తోనే రికార్డర్‌లో పెట్టి, మీట నొక్కి, ఒగ్గాయనకు కానీయమని సైగ చేసింది.

తిరిగి పటాన్‌చెరు వచ్చాం. నాలుగింటికి దీవి మేడం ఆ విమానమెక్కే స్నేహితుడి చేతికి నకలే ఇచ్చింది, ఎంత కిచకిచలాడినా పాట మొత్తం అందులోనే ఉంది గనుక. గొంతు బాగవడానికి రెండు వారాలు పట్టింది, గడువు దాటింది. పోటీవాళ్లు ఇది విని తీర్పు చెప్పలేమని మర్యాదగా రాశారట. కొన్ని నెలలకు వాళ్లు వెళ్లిపోయారు. మరుసటి ఏడు దీవి మేడం ఉత్తరం రాసింది: అదే పాట పోటీలో పాడింది, రేడియోలో వచ్చింది, నాయనమ్మ మాత్రం అంతకుముందు చలికాలమే పోయింది. కింద ఒక్క వాక్యం అత్తమ్మ కోసం: ఇక్కడ తాళం వేసినవాళ్లెవరికీ మీ చెయ్యి రాలేదు. చదివి వినిపిస్తే అత్తమ్మ నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని గల్లాపెట్టెలో పెట్టుకుంది.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. గాజులు పోయి సెల్‌ఫోన్ల కవర్లు వచ్చాయి, తర్వాత రోడ్డు వెడల్పులో గోడే పోయింది. ఈనాడు ఎవరి పాటనైనా ఎవరైనా అర నిమిషంలో లోకమంతా పంపుతున్నారు; అసలు నకలు అని తేడా లేదు, నకలు కూడా అసలంత బాగుంటుంది. అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె పోయాక, ఆ చేతి దెబ్బ, గాజుల చప్పుడు మిగిలిన క్యాసెట్ కోసం ఒకసారి ఆ పల్లెకు పోయి ఆ మనిషిని వెతికి పట్టుకున్నాను. తమ్ముడు దుబాయి నుంచి తిరిగొచ్చాడు, క్యాసెట్ మాత్రం అక్కడే ఏదో గదిలో ఉండిపోయిందన్నాడు. ఎంత అడిగితే అంత ఇద్దామని ఆ రోజు కొంగున ముడి వేసుకుని పోయాను, బేరమాడొద్దని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

లెక్క కట్టవలసిందే గనుక నిజాయితీగా కడతాను. ఆటో దగ్గర నా బేరం తిన్నది ఎనిమిది నిమిషాలు. మేము చేరేసరికి చెరిగిపోయింది మూడు నిమిషాలు. మంచం మీద ఒక ముసలమ్మ వినవలసింది నాలుగు నిమిషాలు. ఇక మా అత్తమ్మ దంపుడు పాట ఎన్ని నిమిషాలో నాకు తెలియదు. గోడ నిండా క్యాసెట్లున్న దుకాణంలో ఆమె పక్కనే అన్నేళ్లు కూర్చుని, ఒక్కసారి కూడా టేపులో పట్టలేదు.