నా మూసీ బాప్తిస్మం

నేనాడిన ఒక్క అబద్ధానికి ముగ్గురం నీళ్ళల్ల మునిగినం. అందుట్ల ఇద్దరు ఏ పాపం ఎరుగని పెద్దమనుషులు. నవ్వకుండ వినున్రి, నవ్వాగకపోతే నా తప్పు కాదు.

అప్పటికి నాకు పెండ్లి కాలే. మేం అబిడ్స్ చర్చోళ్ళం, అంటే చిలకరింపు వాళ్ళం. పిల్లగాడు పుట్టిన మూడు నెలలకు అయ్యగారు నెత్తి మీద మూడు చుక్కలు చిలకరిస్తడు, వాడు కెవ్వుమంటడు, అందరం కేక్ తింటం, బాప్తిస్మం అయిపాయె. ఆరాధన పుస్తకం చూసి లేస్తం, పుస్తకం చూసి కూసుంటం. నేను ప్రేమించిన సునీత వాళ్ళది నాంపల్లి. వాళ్ళు ముంచేటోళ్ళు. బుద్ధి తెలిసినంక తొట్టిల నిండుగ ముంచి లేపితెనే లెక్క. వాళ్ళకు పుస్తకం గిస్తకం లేదు, ప్రార్థనంటే అందరు ఒక్కసారే గొంతెత్తుతరు. ఆ హోరుల దేవుడు ఎవరి మాట ముందు వింటడో అని నాకు ఫికరైతుండె.

సునీత నాన్న ఆశీర్వాదం సారు ఆ సంఘానికి పెద్ద. స్కూల్ల లెక్కల మాస్టరు. సంబంధం మాట్లాడనీకి పోతే, చాయ్ ఇచ్చి సీదా అడిగిండు.

"బాప్తిస్మం అయిందా ప్రభాకర్ బ్రదర్?"

మామ కావల్సిన మనిషి బ్రదర్ అంటుంటే ఎట్లుంటదో మీరే ఆలోచించున్రి.

"అయింది అంకుల్. మూడో నెలల."

"చుక్కలా? అది లెక్కలకు రాదు. ముంచిన్రా, లేదా? మునగనోనికి నా బిడ్డనియ్య."

నాకేమో నీళ్ళంటే బకెట్ దాకనే దోస్తీ. తొట్టి పేరెత్తితే ఆమడ దూరం ఉరుకుత. తలుపు సందుల సునీత కండ్లనిండ నీళ్ళు పెట్టుకొని చూస్తుంది. నోరు దానంతటదే తెరుచుకున్నది.

"ముంచిన్రు అంకుల్. పోయినేడాది."

"ఏడ?"

హైదరాబాదుల నది అంటే ఇంకేమున్నది చెప్పున్రి! "మూసీల. అఫ్జల్‌గంజ్ బ్రిడ్జి కింద."

సారు చేతుల చాయ్ కప్పు ఆగిపోయింది. "గా నీళ్ళల్లనా? నిండుగనా?"

"నిండుగ అంకుల్."

"మరి వాసన?"

"విశ్వాసం ముందట వాసనెంత అంకుల్!"

ఆయన లేచి నన్ను కావలించుకున్నడు. "విన్నవా సునీతా? విశ్వాసమంటే ఇది!" సునీత మాత్రం తలుపు కాడికెల్లి జర ఎనకకు జరిగింది.

ఆదివారం నాంపల్లి చర్చిల సాక్ష్యం చెప్పమన్నరు. మైక్ దొరికితే నేను ఆగుతనా? "మునిగి లేచేసరికి నెత్తి మీద ప్లాస్టిక్ కవర్, చేతుల ఎవరిదో చెప్పు, గుండెల మాత్రం శాంతి సమాధానం!" అన్న. "స్తోత్రం!" అని హాలు దద్దరిల్లింది. పాస్టర్ కండ్లు తుడుచుకొని మైక్ గుంజుకున్నడు.

"ఈసారి పదకొండు మందికి బాప్తిస్మమున్నది. తొట్టి వద్దు. వచ్చే ఆదివారం అందరం మూసీకే! ప్రభాకర్ బ్రదర్ జాగ చూపిస్తడు."

నా పై ప్రాణాలు పైన్నే పోయినయి. ఆ పదకొండు మందిల ఒక ముసలమ్మ వచ్చి నా చేయి పట్టుకున్నది.

"బిడ్డా, నాకు ఆయాసం. ఆ నీళ్ళు మింగితే ఏమన్న అయితదా?"

అప్పుడు నిజంగ భయమైంది. పెండ్లి పోతే పోనీ, ఈమె పోవద్దు. మళ్ళ మైక్ అందుకున్న. "అమ్మా, అది అబద్ధం. నేను మూసీని బస్సు కిటికీల నుంచే చూసిన. అది కూడ ముక్కు పట్టుకొని."

హాలంత గప్‌చుప్. ఆ చర్చిల గంత నిశ్శబ్దం అదే మొదటిసారంట.

"సంబంధం లేదు, గింబంధం లేదు!" ఆశీర్వాదం సారు గర్జించిండు.

సునీత లేచింది. "నాన్నా, పదకొండు మందితోని పన్నెండోడు. తొట్టి గీడనే ఉన్నది గదా. ముంచున్రి!"

సారు మూతి ముడుచుకొనే సరేనన్నడు. ఇగ తప్పుతదా? వారం తిరిగే వరకు తొట్టి నింపిన్రు. ముసలమ్మ చేపలెక్క మునిగి లేచింది. చివరికి నన్ను దింపిన్రు. నిండ మునిగినోనికి చలి లేదంటరు. ఆ మాట అన్నోడు ఆ తొట్టిల దిగలే. పాస్టర్ నన్ను ఎనకకు వంచిండు. మునిగేటోనికి గడ్డిపోచ దొరికినా చాలంటరు, నాకు పాస్టర్ టై దొరికింది. ఇద్దరం కలిసే పోయినం. "ప్రభువా!" అనుకుంట ఆశీర్వాదం సారు ఉరికొచ్చి చెయ్యందిచ్చిండు. నేను ఆ చెయ్యి కూడ గుంజిన. కోటు, కండ్లద్దాలతో సహా ఆయన నెత్తి ముందు, కాళ్ళు ఎనక పడ్డడు.

ముగ్గురం లేచినం. నా పెండ్లి ముచ్చట ఒడిసిందనుకున్న. సారు నడుం లోతు నీళ్ళల్ల నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తుండు.

"దెబ్బ తగిలిందా సారూ?" పాస్టర్ అడిగిండు.

"లేదు బ్రదర్. మా ఊర్ల నాకు బాప్తిస్మమిచ్చింది ఎండకాలం. వాగుల నీళ్ళు మోకాళ్ళ దాకనే. ఎంత ఒత్తినా పొట్ట పైననే ఉండె. నలభై ఏండ్ల సంది ఎవ్వరికీ చెప్పలే. ఇయ్యాల పూర్తయింది!"

నాకు పండ్లు కటకటమంటున్నయి, అయినా నోరు ఊకుంటదా?

"అంటే ఇన్నేండ్లు మీ పొట్ట మా చర్చిలనే ఉండెనా అంకుల్?"

"నోరు ముయ్యి! అంకుల్ కాదు, మామా అను."

ఆ తడి బట్టలతోనే, దేవుని సాక్షిగ, పదకొండు మంది ముందట ప్రమాణం చేసిన: ఇగ బతికినన్ని రోజులు అబద్ధమాడ. ఆడినా, అందుట్ల నీళ్ళు రానియ్య.