శుక్రవారం ద్రాక్షరసం

ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజు సూర్యాపేట డాక్టరు చెప్పిన మాట ఒక్కటే. సూది వేసుకుంటే వేళకు తినాలి, ఉపవాసాలు ఇక మానుకోవాలి. తలూపి వచ్చాను. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు. మిర్యాలగూడలో మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన అంటే నేనే. పెళ్లై ఈ ఊరొచ్చిన నాటి నుంచి, శుక్రవారం ప్రార్థన ముగిసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా ఆయన చనిపోయిన వారం కూడా తప్పలేదు. జ్వరమనీ కాళ్ల నొప్పులనీ సాకులు చెప్పి తినొచ్చే ఆడవాళ్లను ముఖం మీదే కడిగిపారేసేదాన్ని. అలాంటిదాన్ని, నేనూ తినే వచ్చానని వాళ్ల ముందు ఎట్లా అనేది?

అందుకని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. శుక్రవారం పొద్దున సూదీ లేదు, టిఫినూ లేదు. ప్రార్థన అయ్యాకే రెండూ. కోడలు పసిగట్టి, "అత్తమ్మా, గిట్ల చేస్తే పానం మీదికొస్తది" అంది.

"నా సంగతి నా దేవుడు సూసుకుంటడు. నువ్వు పప్పు సూసుకో, అడుగంటుతున్నది" అన్నాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒక శుక్రవారం, అలవాటు పడిన చెయ్యి నన్ను అడగలేదు. ఫ్రిజ్ తెరిచి, ఇన్సులిన్ పెన్ను తిప్పి, పొట్టలో పొడుచుకున్నాను. సూది బయటికి తీశాక గుర్తొచ్చింది ఏ వారమో. ఇడ్లీలు మూత కింద వేడిగా ఉన్నాయి. ఒక్కటి తింటే ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మొదటి పాట నేనే ఎత్తుకున్నాను. రెండో పాటకే చేతులు వణికాయి. అందరం మోకాళ్ల మీద ప్రార్థనకు దిగేసరికి ముఖమంతా చెమట, జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. మాట తడబడింది. పక్కనున్నావిడ నన్ను చూసి, "అక్కను పరిశుద్ధాత్మ తాకింది! స్తోత్రం!" అని కేక పెట్టింది. దాంతో చప్పట్లు హోరెత్తాయి. చుట్టూ చేరి నా నెత్తి మీద చేతులు పెట్టారు. అది షుగర్ పడిపోవడమని నాకు తెలుసు. నోరు తెరిచి తినడానికి ఏదైనా అడగాలి. ఉపవాస ప్రార్థన నడుమ, అదీ నేను! తేలు కుట్టిన దొంగలా అట్లాగే వంగి ఉన్నాను. నా భయం దేవుడంటే కాదు, ఆ ఆడవాళ్లంటే. ఇంతలో కళ్లు బైర్లు కమ్మాయి. చచ్చిపోతున్నానని అప్పుడు నిజంగా భయమేసింది.

"షుగర్... షుగర్" అన్నాను.

ఆ హల్లెలూయల్లో ఎవరికీ వినబడలేదు, ఒక్క పాస్టరమ్మకు తప్ప. ఆమె లేచి, చర్చి వెనకే ఉన్న వాళ్లింట్లోకి ఉరికి, ఒక సీసా పట్టుకొచ్చింది. ఆదివారం ప్రభువు బల్లలో ఆయన రక్తానికి గుర్తుగా అందరికీ ఇవ్వడానికి నల్లద్రాక్ష ఉడికించి, చక్కెర వేసి తీసిపెట్టిన రసం అది. గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాను. "వద్దమ్మా, అది ఆదివారానిది."

"ఆదివారానికి మళ్ల కాసుకుంటం. నిన్ను యాడికెల్లి తెచ్చుకుంటం? తాగు" అని గ్లాసు నోటికి పెట్టింది.

తాగాను. చప్పట్లు ఆగిపోయాయి. కాసేపటికి మనుషులు మళ్లీ సరిగ్గా కనిపించారు. అందరూ నన్నే చూస్తున్నారు. పాస్టరమ్మ బిస్కెట్లు తెచ్చి అందరి ముందే తినిపించింది. సిగ్గుతో ఏడ్చాను. బతికినందుకూ ఏడ్చాను.

మరుసటి శుక్రవారం సూది వేసుకుని, కడుపునిండా ఇడ్లీలు తిని బయల్దేరాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే పాస్టరమ్మ లోపలి నుంచే గట్టిగా అడిగింది.

"తిన్నవా అక్కా?"

కావాలనే అడిగింది. ఒళ్లు మండింది. చాపల మీద కూర్చున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు.

"తిన్న" అన్నాను.

నేను నా చోట కూర్చున్నాక, నా వెనకాల కూర్చున్నావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. కాళ్ల నొప్పులని చెప్పి నా చేత ఎన్నోసార్లు మాటలు పడ్డ మనిషి. నా చెవి దగ్గరికి వంగింది.

"నేను గూడ సూది మీదనే ఉన్న అక్కా. ఎప్పటిసందో తినే వస్తున్న. నువ్వు తిడ్తవని చెప్పలే."