మెడలో కండువా

నేను పోచంపల్లి దగ్గర నేతగాళ్ల ఇంట పుట్టాను. గుడ్డ విషయంలో నన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో "ప్యూర్ కాటన్ అక్కా" అంటే నాకు నవ్వొచ్చేది. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టించి చూసేదాన్ని. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. మా అమ్మ నేర్పింది ఇది. పెళ్లయ్యాక ఈ విద్యతో నాకు చాలా పని పడింది, ఎందుకంటే మా ఆయన వెల్డర్.

ఎల్బీనగర్ చౌరస్తాకు కొంచెం అవతల ఒక షెడ్డు కిరాయికి తీసుకుని గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేసేవాడు. మేముండేది కర్మన్‌ఘాట్‌లో. పెళ్లయిన కొత్తలో ఆయన చొక్కా విప్పితే చేతుల మీద, మెడ కింద నల్లటి చుక్కలు కనిపించేవి. రవ్వలు పడి కాలిన చోట్లు. ఇవేంటని అడిగితే "దోమ కుట్టినట్టుంటదే, గంతే" అనేవాడు. దోమలట! చుట్టుపక్కల షెడ్లలో అందరూ చిన్న చిన్న అతుకులకు నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా, కళ్లు మూసుకుని మొహం పక్కకు తిప్పి కానిచ్చేవాళ్లు. ఈయనా అంతే. సాయంత్రం ఇంటికొచ్చి కళ్లల్లో ఇసుక పోసినట్టుందని మూలుగుతుంటే ఆలుగడ్డ ముక్కలు కోసి కళ్ల మీద పెట్టేదాన్ని.

నాకు నోరెక్కువ. "నీ కండ్లు పోతే గీ గేట్లు నాకెందుకయ్యా, నెత్తికి కొట్టుకోనా?" అని రోజూ సతాయించాను. ఆ నోటి బాధ పడలేక నల్లద్దం పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. తోలు చేతొడుగులు కొనుక్కున్నాడు. దళసరి నూలు గుడ్డ తెచ్చి, పోగు కాల్చి చూసుకుని, నేనే ఆయనకు పొడుగు చేతుల జాకెట్ కుట్టాను. దానికి జేబులు పెట్టలేదు, రవ్వలు పోయి వాటిలోనే కూర్చుంటాయి కాబట్టి. ప్యాంటు అంచులు మడవొద్దని, మెడ చుట్టూ గుడ్డ లేకుండా వెల్డింగ్ రాడ్డు పట్టొద్దని చెప్పాను. నూలు తువ్వాలు ఒకటి మెడకు చుట్టి పంపేదాన్ని. పక్క షెడ్డువాళ్లు "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్" అని ఎగతాళి చేసేవాళ్లట. వచ్చి నాకు చెప్పి నవ్వేవాడు.

ఉద్యమం రోజులవి. బంద్ పిలుపు ఇస్తే ఎల్బీనగర్ చౌరస్తాలో చీమ కదిలేది కాదు. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. మా ఆయన ఒక్కదానికి కూడా పోకుండా ఉండేవాడు కాదు. నేనూ మా బిడ్డను చంకనేసుకుని పోయి పాడి వచ్చాను. తెలంగాణ రావాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆయనే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని ఎవరూ అపార్థం చేసుకోకూడదని.

ఆ రోజు కూడా రాస్తారోకో. మంచి టెర్లిన్ చొక్కా వేసుకుని పొద్దున్నే పోయాడు. అక్కడెవరో పిలిచి, ‘జై తెలంగాణ’ అని అచ్చేసిన కండువా మెడలో వేశారు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. కొత్తపేటలో ఇల్లు కట్టుకున్న ఒక సారు గేటు షెడ్డులోనే ఉండిపోయిందట. సారుది గుంటూరు వైపు. తెల్లారితే గృహప్రవేశం.

"రెండు కబ్జాలు అతికిస్తే గేటు తిరుగుతది. షట్టర్ సగం దించుకుని లోపట్నే చేసి ఇంటికొస్త. అన్నం పెట్టి ఉంచు" అన్నాడు. కబ్జాలంటే గేటు తిరగడానికి పెట్టే మడతబందులు.

"బంద్ నాడు పని చేస్తే నలుగురు ఏమంటరు? ఆంధ్రా సారుకు గంత తొందరేంది?"

"ఆయన ఇంట్ల పాలు పొంగిచ్చుకుంటుంటే గేటు లేకుంటే ఎట్లనే? ఉద్యమానికీ గేటుకూ ఏం సంబంధం?"

జాకెట్ వేసుకోమన్నాను. వేసుకుంటలే అన్నాడు. అది షెడ్డులో మేకుకే ఉంది. రెండు అతుకులే కదా అని తీసి ఉండడు. చేతొడుగులు వేసుకున్నాడు, నల్లద్దం పట్టుకున్నాడు. మెడకు గుడ్డ ఉండాలని నేనే కదా చెప్పింది, మెడకు గుడ్డ ఉంది. గౌరవంగా వేసిన కండువాకు ఎవరైనా పోగు లాగి కాల్చి చూస్తారా? నేను పక్కనున్నా చూసేదాన్ని కాదు.

పై కబ్జా అతికించడానికి గేటు కింద కూర్చుని తలెత్తి పని చేస్తున్నాడట. రవ్వలన్నీ మెడ మీదే రాలాయి. నల్లద్దం వెనుక ఉన్న మనిషికి ఆ అతుకు వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు. గేటు తీసుకుపోదామని వచ్చి పక్కనే నిలబడ్డ సారు చూసి అరిచేసరికే కండువా అంటుకుంది. మా ఆయన చేత్తో లాగబోయాడు. అది ఊడి వచ్చే గుడ్డ కాదు. కరిగి చర్మానికి పట్టుకుంది, అదీ పాలిస్టరే అయిన టెర్లిన్ చొక్కాకు పాకింది. సారు గోనెసంచి తడిపి కప్పి ఆర్పి, ఆటోలో వేసుకుని దవాఖానకు బయల్దేరాడు.

రోడ్డంతా జనం. ఆటోను ఆపి లోపలికి చూశారు. కాలిన మనిషి, మెడలో కాలిన కండువా. ఇంకేం అడుగుతారు? ఏడుస్తూ, నినాదాలు చేస్తూ దారిచ్చారు. నోరు తెరిస్తే తన యాస బయటపడుతుందని సారు ఒక్క మాట మాట్లాడలేదట. దారి దొరికితే చాలనుకున్నాడు. ఆయన్ను నేనేమీ అనను.

నేను దవాఖానకు చేరేసరికే మెట్ల మీద గుంపు ఉంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా చేతులు పట్టుకుని, "అక్కా, అన్న తెలంగాణ కోసమే కాల్చుకున్నడు గదా? టీవీవోళ్లు ఒస్తున్నరు, నువ్వొక్క మాట జెప్పాలె" అన్నాడు. నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక పని చేస్తుంటే అంటుకుందని చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాను. "పాపం, దుఃఖంల ఉంది" అని నన్నే ఓదార్చారు.

లోపల ఆయన గొంతు వాచిపోయి, గొట్టం వేసి ఉంది. మాట లేదు. తోలు చేతొడుగుల్లో ఉన్న చేతులు మాత్రం పొద్దున ఇంట్లోంచి పోయినప్పుడు ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి. "నువ్వే కాల్చుకున్నవంటున్నరయ్యా" అని చెవిలో చెప్పాను. కళ్లు తెరిచాడు. కుడిచేతి వేళ్లు దగ్గరికి తెచ్చి, రాడ్డు పట్టుకున్నట్టు పెట్టి, గాలిలో కొంచెం కదిపాడు. నేను ఆ చేయి పట్టుకున్నాను. నాకు తెలుసని చెప్పాను. ఆయన మళ్లీ అట్లాగే చేసి చూపించాడు.

ఆ వారం గడవలేదు. చీము పట్టిందన్నారు, జ్వరం దిగలేదన్నారు. పోయాడు.

సారు పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు ప్రమాదం అనే రాసుకున్నారు. కానీ మా గల్లీలో అప్పటికే ఫ్లెక్సీ కట్టారు. ఆయన పెళ్లినాటి ఫోటో, దాని కింద అమరుడని పేరు. తీసేయమని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. నాకు మతి చలించిందనుకున్నారు. నిజంగా అట్లా పోయిన పిల్లల తల్లులను నేను చూశాను. వాళ్ల కడుపుకోత ఎవరికీ వద్దు. దాంట్లో మాకు వాటా లేదు, అంతే. ఆయనకు బతకాలని ఉండింది.

తెలంగాణ వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పటాకులే. గల్లీవాళ్లు మా బిడ్డను పిలిచి దండేసి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి బడికి పోతోంది. ఇంటికొచ్చి దండ తీసి పక్కన పెట్టి అడిగింది.

"అమ్మా, నాన్నకు నాకంటే తెలంగాణనే ఎక్కువనా?"

ఎవరు చెప్పారే అంటే, ఎవరూ చెప్పలేదు, తనే అనుకుందట. అమరుల బిడ్డలు ఏడవొద్దని మాత్రం అందరూ చెప్పారట.

నేను దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "నాన్న తనంతట తాను పోలేదు బిడ్డా. నిన్ను ఇడిసి పోవాలనుకోలేదు. గేటు చేస్తుంటే రవ్వ పడింది. పని కాంగనే ఇంటికొస్త, అన్నం పెట్టి ఉంచు అన్నడు నాతోని" అని చెప్పాను.

"నిజంగా వస్తనన్నడా?"

"అన్నడు."

తండ్రి పోయిన నాడు కంట తడి పెట్టని నా బిడ్డ అప్పుడు ఏడ్చింది.