టీచరమ్మే కంప్యూటర్

బడి మానేసి జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ఉద్యోగానికి వస్తానని సంతకం పెట్టిన కాగితం సాయంత్రం ఐదులోగా అక్కడ అందాలి. అదేమో పొద్దున్నుంచీ కంప్యూటర్ టీచరమ్మ బ్యాగులోనే ఉంది. భర్త ఫోన్ మీద ఫోన్.

"ఇచ్చేశావా?"

"ఇస్తానండీ."

"ఇంకెప్పుడు? ఆ పిల్లలతో తల ప్రాణం తోకకొస్తోందని నువ్వేగా ఏడ్చింది."

ఏడ్చింది, ఎందుకేడవదు మరి! ల్యాబులో ముప్పై కంప్యూటర్లున్నాయి. పిల్లలు బోర్డు మీదున్నది పొల్లుపోకుండా ఎక్కించి "అయిపోయింది మేడం" అంటారు. అది ఎందుకు పనిచేసిందో ఒక్కరికీ పట్టదు. తను చదివిన బడిలో ఒక్క కంప్యూటరూ లేదు. లెక్కల మాస్టారే కంప్యూటర్ అయ్యేవారు. కాగితం మీద ఏం రాసిస్తే అదే చేసేవారు. ఒకరోజు ఆమె 'నడువు' అని రాసి, ఎక్కడ ఆగాలో రాయలేదు. ఆయన గోడకు నుదురు ఆనించి అక్కడే అడుగులేస్తూ ఉండిపోయారు. ఆమె పరుగున వెళ్ళి ఒక్క వరుస చేర్చగానే ఆగారు. ఆనాటి సంతోషం కోసమే టీచరయింది. దాన్ని ఒక్క పిల్ల ముఖంలోనైనా చూడాలని పదకొండేళ్ళుగా మొహం వాచి ఉంది. మాస్టారు ఉంటే, ఏం చెయ్యాలో వెళ్ళి అడిగేది. ఆయన పోయి చాలాకాలమైంది.

ఆఖరి పీరియడ్‌లో కరెంటు పోయింది. పిల్లలు సంచులు సర్దేస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

"కూర్చోండి. ఇవాళ నేనే కంప్యూటర్ని. ఈ డస్టర్ కిటికీలో పెట్టాలి. ఎలాగో రాసివ్వండి."

నోట్లో నాలుక లేని చివరి బెంచీ పిల్ల కాగితం తెచ్చిచ్చింది. టీచరమ్మ నాలుగడుగులు వేసి, ఖాళీ చెయ్యి కిటికీ ముందు చాచి, గంభీరంగా తిరిగొచ్చింది. డస్టర్ తీసుకోమని కాగితంలో లేదు మరి. క్లాసంతా పడీపడీ నవ్వింది.

"తప్పెక్కడో చెప్పనా?"

"వద్దు మేడం, చెప్పకండి."

పిల్ల కాగితం లాక్కుని దిద్దింది. ఈసారి డస్టర్ వెళ్ళి మూసి ఉన్న కిటికీ రెక్కకు తగిలింది. మళ్ళీ దిద్దింది. నాలుగున్నరకు బెల్లు మోగినా ఎవరూ కదల్లేదు. ఆరోసారికి డస్టర్ కిటికీలో కూర్చుంది. ఆ పిల్ల ముఖంలో టీచరమ్మకు, మాస్టారు ఆగిన ఆనాటి సంతోషం కనిపించింది.

"రేపు నేను కంప్యూటర్నవుతా మేడం. మీరు రాయాలి."

"అలాగే," అనేసింది.

బయటికొచ్చేసరికి ఐదూ పది. మళ్ళీ ఫోన్.

"ఇవ్వలేదండీ. రేపు క్లాసుంది."

"రోజూ ఉండేదేగా?"

"రేపు నా వంతండీ," అంది.