వీపు మీద తొమ్మిదో నంబరు

తొంభైల చివర్లో మా బండారులంక కబడ్డీ జట్టు పాత సంఘాన్ని కాదని, పోటీగా పుట్టిన కొత్త లీగులో చేరింది. సెమీఫైనల్ మా ఊళ్లోనే. సగం ఆట అయ్యేసరికి రెండు పాయింట్లు వెనకబడ్డాం. సరిగ్గా అప్పుడే పాత సంఘం కార్యదర్శిగారు స్కూటర్ దిగారు.

"ఆ జెర్సీలు మా సంఘానివండీ. విప్పి ఇచ్చేయండి" అన్నారు.

ఊరంతా చూస్తుండగా ఏడుగురం విప్పి ఇచ్చాం. సిగ్గుతో తలెత్తలేకపోయాను. పైగా నంబర్లు లేకపోతే ఆడనివ్వనన్నారు రిఫరీ.

మగ్గం నేసే మా నాన్నగారు ఇంటికి పరుగెత్తి, నూలుకు అద్దే ఎర్ర రంగు గిన్నెతో వచ్చారు.

"ఇది రుద్దినా వదలదురా, ఆలోచించుకో."

"వదలకపోనీండి నాన్నగారూ, రాసెయ్యండి!" అని వీపు తిప్పాను.

వేలితో తొమ్మిది వేశారు. తర్వాత మిగతా ఆరుగురికీ వేశారు. ఆ వీపులతోనే ఆడి, ఒక్క పాయింటుతో గెలిచాం.

వారం తర్వాత ఫైనల్‌కని అమలాపురం వెళితే గ్రౌండు ఖాళీగా ఉంది.

"లీగు ఎత్తేసేరండి. మీకు చెప్పలేదాండీ?" అన్నాడు టీకొట్టు ఆయన.

ఇంటికొచ్చాక అమ్మ కొబ్బరి పీచుతో నా వీపు రుద్దబోయింది. వద్దన్నాను. లీగు పోయింది గానీ, తొమ్మిది ఇంకా పోలేదు.