డబ్బా, గుడ్డు, బాపు సంతకం

ఆ రోజుల్లో కారును ఇంట్లో మనిషిలా చూసుకునేవారని అందరూ రాస్తుంటారు. మా ఇంట్లో కారు బాపు మనిషి. మిగతా మేమందరం ఆ ఇద్దరి దయ మీద ప్రయాణం చేసేవాళ్ళం. ఆ కారు పేరు చెప్పను (కంపెనీ ఇంకా బతికే ఉంది, నాకు ఇంకా సిగ్గు ఉంది). మనవడికి తాత పేరు పెట్టినట్టు, ఎన్ని రూపాలు మారినా దానికి అదే పేరు పెడుతూ వచ్చారు. మొదట వచ్చినది అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టు ఉండేది కాబట్టి జనం 'డబ్బా' అన్నారు. కొన్నేళ్ళకు మూలలన్నీ అరగదీసి ఇంకొకటి తెచ్చారు, అది 'గుడ్డు'. ఆ తర్వాత దీపాలు సాగదీసినది ఒకటి వచ్చింది. ఇప్పటిది ఒళ్ళు చేసి, లోపల టీవీ పెట్టుకుని తిరుగుతోంది. మా బాపుది మొట్టమొదటి డబ్బా. లక్డీకాపూల్ ఆఫీసులో గుమస్తాగా చేస్తూ కొన్నాడు. దానికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే: స్టార్ట్ చేసేది ఆయనే. ఆయన స్టార్ట్ చేసి దిగితే, మేము ఎక్కి నడపాలి. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

గుడ్డు వచ్చిన ఏడాదే నేను నాంపల్లిలో ఆ కార్లమ్మే షోరూంలో సేల్స్‌మన్‌గా చేరాను. టై కట్టుకోవడం తప్ప ఏమీ రాదు. పాత డబ్బా తీసుకుని గుడ్డు ఇచ్చే ఎక్స్చేంజ్ బేరం ఒక్కటైనా నెలాఖరులోగా తేకపోతే ఇంటికి పొమ్మన్నాడు మేనేజర్. నాకు తెలిసిన డబ్బా ఊళ్ళో ఒక్కటే. రోజూ అన్నం దగ్గర బాపును పట్టుకునేవాణ్ణి.

"బాపూ, గుడ్డుల ఏసీ ఉన్నది."

"అద్దం దించితే నా బండిల గూడ ఉన్నది."

"స్టీరింగ్ ఒక్క వేలుతోని తిప్పొచ్చు బాపూ!"

"మరి కడమ తొమ్మిది వేళ్లతోని ఏం జెయ్యాలె? నిన్ను తన్నాల్నా?"

నెల చివరి రోజు వచ్చింది. ఆ రోజు నేను చేసిన పనిని ఎన్నిసార్లు ఎన్ని విధాలుగా చెప్పుకున్నా అది దొంగతనమే. ఇంజన్ ఆపకుండా చక్రాలకు గాలి కొట్టించి తెస్తానని అబద్ధమాడాను. బాపు డబ్బాను స్టార్ట్ చేసి, "జర నిమ్మలంగ తోలు" అని దిగి బండి నాకు అప్పజెప్పాడు. పోస్టాఫీసులో పని ఉంది, మధ్యాహ్నం అబిడ్స్‌కు వచ్చి ఎక్కించుకొమ్మన్నాడు. నేను తిన్నగా షోరూంకు వెళ్ళి, డబ్బాను ఆవరణలో ఆపి, మిగతా డబ్బు వాయిదాల్లో కడతామన్న ఎక్స్చేంజ్ ఫారం మీద బాపు సంతకం పెట్టేశాను (చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డుల మీద సాధన చేసిన సంతకమే). కొత్త కారు కళ్ళారా చూస్తే మనసు కరుగుతుందని నా నమ్మకం. పూలదండ వేసిన గుడ్డును వేసుకుని మధ్యాహ్నం అబిడ్స్ పోస్టాఫీసు ముందు ఆగాను.

బాపు బండిని చూశాడు. దండను చూశాడు. నన్ను చూశాడు.

"నా బండేది?"

"అది... షోరూంల ఇచ్చిన బాపూ. గిది మనదే. ఎక్కు."

ఆయన ఎక్కలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, నాంపల్లి వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను పక్కనే కారును నడక వేగంతో పోనిస్తూ, దించిన అద్దంలోంచి బతిమాలుతూ బయలుదేరాను. వెనుక హారన్లు. దండలోని బంతిపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. పక్కన ఆగిన, నమాజు టోపీ పెట్టుకున్న ఆటో అతనికి నా మీద జాలి కలిగింది.

"కాకా, ఎక్కరాదే! పాపం, పిలగాడు గంతగనం బతిమాలుతున్నడు."

"నువ్వు నమాజుకు పోయొచ్చేసరికి నీ ఆటో అమ్మి విమానం తెస్తే నువ్వు ఎక్కుతవా?"

ఆటో అతను కాసేపు నిజంగానే ఆలోచించి, "నక్కో కాకా," అని, నా వైపు తిరిగి, "తప్పు నీదే భాయ్," అని వెళ్ళిపోయాడు.

నాంపల్లి స్టేషన్ దగ్గరపడేసరికి నా వెనుక ట్రాఫిక్ పెళ్ళి ఊరేగింపులా తయారైంది. కానిస్టేబుల్ వచ్చి బానెట్ మీద చేత్తో కొట్టాడు.

"ఏందయ్యా, పెద్దమనిషి ఎంబడి పడ్డవ్? ఎవరాయన?"

"మా బాపు సార్."

"ఔనా పెద్దాయనా?"

బాపు నన్ను తలనుంచి టై దాకా చూశాడు. "తెల్వదు సార్. కార్లమ్మేటోడట. అబిడ్స్ కాడికెల్లి ఎంబడిస్తున్నడు. కొనేదాక ఇడిచిపెట్టేటట్టు లేడు."

"గిట్లనా అమ్ముడు?" అని కానిస్టేబుల్ నాకు పది నిమిషాలు బుద్ధి చెప్పాడు. ఈలోగా బాపు షోరూంకు చేరాడు.

నేను వెళ్ళేసరికి అక్కడ ఇంకో ఊరేగింపు జరుగుతోంది. పాత బండ్లు కొనే సేటు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే, నలుగురు మెకానిక్‌లు డబ్బాను ఆవరణంతా నెట్టుకుంటూ తిరుగుతున్నారు. బ్యాటరీ మార్చారట, ప్లగ్గులు తీసి తుడిచారట. అది దగ్గను కూడా దగ్గలేదు. బాపు వాళ్ళను పక్కకు తప్పుకోమన్నాడు. తలుపు తీసి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. డబ్బా ఠక్కున పలికింది. మెకానిక్‌లు చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయారు.

మేనేజర్ ఫారం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఆగండి పెద్దాయనా, బండి ఇచ్చేశారు. ఇదిగో, మీరు సంతకం పెట్టారు గదా!"

బాపు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు. 'ఇది నాది కాదు' అన్న ఒక్క మాట చాలు, ఉద్యోగం సరే, నేను పోలీసు స్టేషన్‌లో ఉండేవాణ్ణి.

"ఔ, నేనే పెట్టిన," అన్నాడు బాపు. "కలమియ్యి."

ఆ సంతకం మీద అడ్డంగా గీత కొట్టాడు. కింద తన అసలు సంతకం పెట్టాడు. "ఇప్పుడు కొట్టేసిన. గేటు తియ్యి."

రోడ్డు మీద కొడుకునే తెలియదన్న మనిషి, ఆ కొడుకు పెట్టిన దొంగ సంతకాన్ని తనదే అన్నాడు. నేను డబ్బా పక్కన పరిగెత్తుతూ, "బాపూ, నేను?" అన్నాను. "నీది కొత్త బండి గదా, అది అప్పజెప్పి నడుచుకుంట రా," అని గేటు దాటి వెళ్ళిపోయాడు. సుల్తాన్ బజార్‌లో ఉన్న మా ఇంటిదాకా టై జేబులో పెట్టుకుని నడిచాను. ఉద్యోగం ఊడలేదు కానీ ఇంకో మూడు నెలలు 'చూద్దాం'లో పడింది. బాపు ఆ ఫారం సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ఒక ఉదయం తనంతట తానే గుడ్డు కొనుక్కొచ్చాడు, మా షోరూంలో మాత్రం కాదు. "గాడ అమ్మేటోడు జర మర్యాదస్తుడు," అన్నాడు.

తప్పయిందని చెప్పడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. చెప్పిన రోజున బాపు నన్ను గుడ్డులో కూర్చోబెట్టి, క్లచ్ పక్కన రబ్బరు మ్యాట్ ఎత్తి ఒక చిన్న బటన్ చూపించాడు. దొంగల భయానికి ఉస్మాన్‌గంజ్ మెకానిక్‌తో పెట్టించిన బటన్. ఎడమ మడమతో దాన్ని నొక్కి తాళం తిప్పితేనే బండి స్టార్ట్ అవుతుంది. డబ్బాలోనూ ఉండేదట. "దొంగ ఇంట్లనే ఉంటడని అప్పుడు తెల్వకపాయె," అన్నాడు.

బాపు లేడు. ఆ గుడ్డును ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. అబిడ్స్ సిగ్నల్ దగ్గర కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, నేను అద్దం దించుకుని బాపు చెప్పిన ఏసీ వేసుకుంటాను. మొన్న మా అమ్మాయి, మొదటి జీతం అందుకున్న ఊపులో, నా పక్కన కూర్చుని అంది: "డాడీ, అదే కారు, కొత్త మోడల్. దీన్ని ఎక్స్చేంజ్ చేద్దామా? నీ ఇష్టం, అందుకే అడుగుతున్న."

"వద్దు," అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట! బాపుకు దక్కకుండా ఆ రోజు నేను దొంగిలించింది డబ్బాను కాదు, ఈ మాటను. అందుకని ఇంకోసారి అడిగించుకుని ఇంకోసారి వద్దన్నాను. అమ్మాయి మూతి ముడుచుకుంది. పాపం, అడిగింది కదా అని, వంగి మ్యాట్ ఎత్తి బటన్ చూపించాను. పన్నెండేళ్ళు ఆగే పౌరుషం నాకెక్కడిది?